పొగకు వంతు

బట్టి నిండింది. అడుగున ఎండు తుమ్మమొద్దులు, వాటి మీద బొగ్గు, బొగ్గు మీద పిడికిలంత సున్నపురాళ్లు, మళ్లీ బొగ్గు, మళ్లీ రాళ్లు. రెండు నిలువుల ఎత్తున పేర్చి చుట్టూ మట్టి మెత్తారు. కొబ్బరికాయ కొట్టారు. కోడి మెడ తెగింది. ఏసోబు ప్రతి ఆదివారం ప్రార్థనకు పోయే మనిషే, అయినా బట్టి దగ్గర కోడి కోడే, ప్రార్థన ప్రార్థనే. అతను మండుతున్న కొరివి పట్టుకుని కింది కంత ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇక అంటించడమే తరువాయి.

అంటించడం లేదు.

అతని భార్య బిక్షమ్మ రాళ్లకుప్ప దగ్గర సుత్తె పక్కన పెట్టి లేచి నిలబడింది. పొద్దున్నుంచి రాయి కొట్టిన చేతులు, వేళ్ల సందుల్లో తెల్లటి పిండి. తక్కిన ఆడకూలీలు నీడకు పోయి వక్కాకు సంచులు విప్పారు. మగవాళ్లు బీడీలు ముట్టించారు. బీడీలు ముట్టాయి గానీ బట్టి ముట్టలేదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని మొగుడి దగ్గరికి వచ్చింది.

"ఏమయ్యా, కొరివి ఆరిపోతాంది. ముట్టియ్యవేంది?"

"చిన్న పటేలు ఆగుమన్నడు. గాలి మళ్లాలె."

"ఎటు మళ్లాలె?"

"మన దిక్కు."

అన్నాక గానీ తానేమన్నాడో ఏసోబుకు తెలియలేదు. తెలిశాక, పెళ్లాం ముఖం చూడకుండా కొరివిని ఉఫ్ ఉఫ్ అని ఊదడం మొదలుపెట్టాడు.

బిక్షమ్మ నాలుగు దిక్కులా చూసింది. కోస్గికి కూతవేటు దూరంలో ఉన్న ఈ చౌటకుంటపల్లిలో బట్టికి పడమట ఊరు, తూర్పున వాడ. కార్తీకం వచ్చింది. తూర్పు గాలి చల్లగా తగులుతోంది, తుమ్మాకు ఊరివైపు దొర్లిపోతోంది. చిన్న పటేలంటే బట్టి యజమాని అమరేందర్, సర్పంచి వెంకటయ్య పటేలుకు మేనల్లుడు. అతను బండ మీద నిలబడి పిడికెడు దుమ్ము పైనుంచి వదిలాడు. దుమ్ము ఊరివైపు పోయింది. తల అడ్డంగా ఊపి చెట్టు కిందికి పోయాడు. కాసేపటికి మళ్లీ వచ్చి మళ్లీ దుమ్ము వదిలాడు. ఈసారీ అటే పోయింది. ఈసారీ తల ఊపాడు. కళ్లంలో తూర్పారబట్టే రైతు కూడా గాలి కోసం అంత ఓపికగా కాచుకోడు.

ఎండ నడినెత్తికి వచ్చాక గాలి నిలిచిపోయింది. తర్వాత పడమట నుంచి మెల్లగా లేచింది. అమరేందర్ చేతిలో దుమ్ము వాడ మీదికి వంగింది.

"ఆ, పెట్టు ఏసోబూ!"

ఏసోబు పెట్టాడు. బట్టిలో తొలి పూట పొగే పొగ. మొద్దులు, బొగ్గు పూర్తిగా అంటుకునేదాకా నల్లగా, చిక్కగా పొర్లుతుంది. రాయి ఎర్రబడ్డాక పలచబడుతుంది. ఆ తొలి పొగ బట్టి నోట్లోంచి లేచి, నేలకు వంగి, దారి తెలిసిన గొడ్డులాగా వాడలోకి దిగింది.

ఇన్నేళ్లూ బిక్షమ్మ కూడా అందరిలాగే అనుకుంది: పొగదేముంది, గాలి ఎటు తీసుకుపోతే అటు పోతుంది, గాలి దేవుడిది. ఈ రోజు తెలిసింది, గాలికీ దేవుడికీ నడుమ పిడికెడు దుమ్ముతో ఒక మనిషి నిలబడి ఉన్నాడని. ఆమెకు ఒళ్లు మండిపోయింది. బట్టిలో కొరివి పెట్టింది సున్నపురాయికా, తన కడుపుకా అనిపించింది.

ఎందుకంటే ఆమెకు అయిదేళ్ల బిడ్డ ఉంది, రూతు. బిడ్డ ఉంది గానీ ఇంట్లో లేదు. వానాకాలంలో పిల్లకు ఆయాసం వస్తే కోస్గి దవాఖానకు ఎత్తుకుపోయారు. పిల్లను పొగలో ఉంచొద్దు, ఉంచితే నాకాడికి తేవొద్దు అని డాక్టరు కసిరాడు. దాంతో మక్తల్‌లో ఉన్న తల్లి దగ్గర వదిలి వచ్చింది. దసరాకు పోతే రూతు వీధంతా ఉరుకుతోంది, ఒక్క దగ్గు లేదు. తిరిగి బస్సెక్కేటప్పుడు కొంగు పట్టుకుని ఒకే మాట అడిగింది: "అమ్మా, మనింట్ల పొగ పోయిందా?"

ఆ సాయంత్రం గుడిసెలో తలుపుకు తడిపిన గోనె పట్టా కట్టి ముగ్గురూ కూర్చున్నారు. అత్త సుక్కమ్మ గొంతు సవరించుకుంటూ జొన్నరొట్టె విరిచి కొడుకు గిన్నెలో వేసింది.

"నీకు ముందుగాలనే ఎరుకనా?" బిక్షమ్మ అడిగింది.

"ఎరుకే."

"మరి నాకెందుకు చెప్పలె?"

"చెప్తె నువ్వు ఊకుంటవా?" అన్నాడు ఏసోబు.

అది మాత్రం నిజమే. బిక్షమ్మ ఊరుకునే మనిషి కాదని వాడంతటికీ తెలుసు. తెలియనిది వెంకటయ్య పటేలుకే. కొత్త చట్టం వచ్చి పంచాయతీలో ఆడవాళ్లకు సీట్లు పెట్టినప్పుడు, వాడ నుంచి ఒక ఆడమనిషిని పెడితే రెండు లెక్కలూ ఒక్కదాంతో సరిపోతాయని ఆయనే ఈమె పేరు రాయించాడు. వచ్చి చాప చివర కూర్చుంటుంది, వేలిముద్ర వేసి పోతుంది అనుకున్నాడు. ఇప్పటిదాకా అట్లాగే కూర్చుంది, అట్లాగే వేసి వచ్చింది.

"పంచాయతిల అడుగుత," అంది.

ఏసోబు చేతిలో రొట్టెముక్క ఆగింది. "ఏమని? బట్టి బంజేయుమనా? వాడల సగం మంది కైకిలి ఆడనే. నీళ్లల్ల ఉండి మొసలితోని వైరమా?"

"బంజేయుమంట లేను."

"మరేమంటవు?"

ఏమంటుందో ఆమెకే తెలియదు. తీసేయమంటే తీసేయరు. ఆపమంటే కూలి పోతుంది. దండం పెట్టి బతిమాలితే చూద్దాంలే అంటారు, చూడరు.

"అడగంది అమ్మైనా పెట్టదు బిడ్డా," అంది సుక్కమ్మ దగ్గు ఆపుకుంటూ. "అడుగు. కానీ వాండ్లు లేదన్లేనట్టు అడుగు."

అదెట్లాగో ముసలమ్మ చెప్పలేదు. గోనెపట్టా మీద మరో చెంబు నీళ్లు చల్లింది.

మర్నాడు రాతిపని లేదు, బట్టి కాలుతోంది. బిక్షమ్మ కొడవలి తీసుకుని చెరువు కింద గడ్డి కోయడానికి పోయింది. తూము దగ్గర కేకలు వినిపించాయి. చెరువు నీళ్లు పంచే నీరటి కురుమయ్య పార అడ్డంపెట్టి నిలబడ్డాడు. ఒకవైపు గౌండ్ల కాటమయ్య, ఇంకోవైపు వెంకటయ్య పటేలు జీతగాడు జానయ్య. ఇద్దరి చేతుల్లోనూ పారలే.

"పటేలు మడి నెర్రెలిచ్చిందంటే ఇనవేందిరా?" అంటున్నాడు జానయ్య.

"నెర్రెలిస్తే ఇచ్చెగని. ఇయ్యాల వంతు కాటమయ్యది," కురుమయ్య పార తీయలేదు.

అంతలో గట్టు మీదుగా పటేలే వచ్చాడు. తెల్ల ధోవతి, చేతికర్ర, వయసు మీదపడ్డా వంగని వీపు. అందరూ పక్కకు తప్పుకున్నారు. ఆయన తన మడిని చూశాడు. నిజంగానే నెర్రెలు పడింది, వేలు దూరేటంత. కర్రతో ఒక నెర్రెను పొడిచి చూశాడు. తర్వాత జానయ్య చేతిలోని పార లాక్కున్నాడు.

"వంతు అంటే వంతే. మా తాత కాలం నుంచి నడుస్తున్న వంతు. నా మడి ఎండనియ్యి. పటేలు వంతు తప్పిండని రేపు ఈ ఊర్ల ఒక్కడు అనొద్దు. ఇడువురా కురుమయ్యా నీళ్లు!"

కురుమయ్య మట్టి తీశాడు. నీళ్లు బుడబుడమంటూ కాటమయ్య కాలువలోకి మళ్లాయి. కాటమయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. పటేలు మీసం మీద చెయ్యి వేసుకుని, ఆ దండాన్ని చూడనట్టు చూసి వెళ్లిపోయాడు.

గడ్డిలో నిలబడిపోయిన బిక్షమ్మకు ఒక్కసారిగా నవ్వు వచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. గడ్డిమోపు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. లేదనలేనట్టు అడగడం ఎట్లాగో చెరువుతూము చెప్పింది!

"ఏమైందే బిక్షమ్మా, దెయ్యం గిట్ల పట్టిందా?" అరిచాడు కురుమయ్య.

"నీ చెయ్యి చల్లగుండ బావా!" అని అరిచి, మోపు నెత్తికెత్తుకుని ఉరికినంత పని చేస్తూ ఇంటికి పోయింది. కురుమయ్య తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. బురద తప్ప ఏమీ లేదు.

మర్నాడు పంచాయతీ చావడిలో కూడింది. గోడకు నెహ్రూ ఫోటో, ఎండాకాలంలో వేసిన దండ ఎండి పుల్లలైనా ఇంకా తీయలేదు. మెంబర్లు బల్లల మీద, వాడ మెంబర్లు ఎల్లయ్య, బిక్షమ్మ చాప మీద. బట్టి పర్మిషను పంచాయతీ ఇచ్చేదే గనక అమరేందర్ కూడా మామ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. యాసంగి నీళ్ల వంతులన్నీ చదివించి, సరే అనిపించుకుని, పటేలు కండువా దులిపాడు.

"ఇంకెవలకన్న చెప్పేదున్నదా?"

ఇది అడగడం ఆనవాయితీ. ఎవరూ చెప్పకపోవడం కూడా ఆనవాయితీయే.

"నాకున్నది పటేలా," అంది బిక్షమ్మ.

పటేలు చాప వైపు తిరిగాడు.

"దేని గురించి?"

"వంతు గురించే."

మెంబర్ల బల్ల మీది నుంచి కాటమయ్య నవ్వాడు. "నీకు మడి యాడున్నదే?"

"మడి లేదన్నా. పొగ ఉన్నది." ఆమె లేచి నిలబడింది. కూర్చుంటే మాట రాదనిపించింది. "నీళ్లకు వంతున్నది. ఊరికావలికి వంతున్నది. పీరీల పండుగ గుండానికి కట్టెలు తెచ్చేందుకు సుత వంతున్నది. మరి పొగకెందుకు లేదు పటేలా?"

చావడి పగిలిపోయేలా నవ్వారు. సెక్రటరీ కూడా కలం పక్కన పెట్టి నవ్వాడు. బిక్షమ్మ నవ్వు అయిపోయేదాకా అట్లాగే నిలబడింది.

"పిచ్చిదానా," అన్నాడు అమరేందర్, "గాలిని నేను పంపుతున్ననా?"

"మీరు పంపరు చిన్న పటేలా. మళ్లెదాక ఆగుతరు. మొన్న కోడి కోసినంక సుత మా ఆయన కొరివి పట్టుకొని ఎంతసేపు కూసున్నడో ఊరంత చూసింది. తూర్పు గాలి ఉంటె ముట్టియ్యరు. పడమటి గాలి రాంగనే 'ఆ పెట్టు' అంటరు."

నవ్వు ఆగింది. పటేలు మెల్లగా మేనల్లుడి వైపు తిరిగాడు.

"నిజమేనారా? ఆగినవా?"

"పొగ మనిండ్ల మీదికి వస్తది గద మామా. అత్తకు పొగ పడదు గద."

"నా బిడ్డకు గూడ పడదు," అంది బిక్షమ్మ.

ఆ మాట గట్టిగా అనలేదు. మామూలుగానే అంది. అయినా పటేలు ముఖం ఎర్రబడింది. ఆయన చెడ్డవాడు కాదు. తన ధోవతి మీద పొగమరక పడలేదు గనక పొగ లేదనుకున్న మనిషి, అంతే. నిన్ననే తన మడి ఎండబెట్టుకుని వంతు నిలబెట్టినవాడు. ఆ సంగతి ఊరంతా ఇంకా చెప్పుకుంటూనే ఉంది. ఇప్పుడు ఆ ఊరే ఆయన ముఖంలోకి చూస్తోంది.

"రాయి," అన్నాడు సెక్రటరీతో. "ఒక బట్టి పడమటి గాలికి. ఒక బట్టి తూర్పు గాలికి. వంతు."

"మామా!"

"వంతు అంటే వంతేరా!"

బిక్షమ్మ వాడకు నడిచి వచ్చిందో ఎగిరి వచ్చిందో ఆమెకే తెలియదు. ఎదురైన ప్రతివాళ్లకూ చెప్పింది. చెప్పినప్పుడల్లా అమరేందర్ "మామా!" అన్న తీరును కొత్తగా నటించి చూపింది. సుక్కమ్మ మూడోసారి కూడా చెప్పించుకుని వింది.

తరువాతి బట్టి తూర్పు గాలికి ముట్టించే రోజున వాడలో ఎవరూ ఇంట్లో లేరు. పిల్లలు బండలెక్కారు. ముసలివాళ్లు మంచాలు బయట వేసుకున్నారు. తూర్పు గాలి పొద్దున్నుంచి నిలకడగా కొడుతోంది. ఏసోబు కొరివి పట్టుకుని కంత ముందు కూర్చున్నాడు. ఈసారి ఆగుమనేవాళ్లు లేరు. అయినా చెయ్యి ముందుకు పోలేదు.

"నిజంగ పెట్టాల్నా?" అన్నాడు భార్యతో గుసగుసగా.

"పెట్టయ్యా!"

పెట్టాడు. పొగ లేచింది, వంగింది, అలవాటుగా వాడవైపు చూసి తిరిగినట్టే తిరిగి ఊరివైపు దొర్లింది. మొట్టమొదటిసారి! వాడంతా ఒక్కసారి అరిచింది. ఎల్లయ్య తలపాగ తీసి గాలిలోకి విసిరాడు. బిక్షమ్మకు సంతోషం వేసింది. దాచుకోవడం ఎందుకు, చాలా సంతోషం వేసింది. కొమరెల్లి జాతరలో రాట్నం ఎక్కినప్పుడు కూడా అంత సంబరం లేదు.

సాయంత్రానికి పటేలింటి పనిమనిషి వచ్చి దొరసాని పిలుస్తోందని చెప్పింది. తిట్లకే అనుకుని, తినడానికి సిద్ధపడే బిక్షమ్మ పోయింది. ఊళ్లో మసక మసకగా ఉంది. ఉతికి ఆరేసిన ధోవతులు మసిపట్టి దండేల మీద వేలాడుతున్నాయి. వసారాలో పటేలు ముక్కుకు కండువా చుట్టుకుని కుర్చీలో బిగిసి కూర్చున్నాడు. దగ్గుతున్నాడు, లేవడం లేదు. కిటికీ మూయనివ్వడం లేదని పనిమనిషి చెప్పింది. వంతును పూర్తిగా అనుభవిస్తున్నాడన్నమాట.

పటేలు భార్య, దొరసాని ఆండాళమ్మ పెరటి గదిలో మంచం మీద ఉంది. మనుమరాలి తలను కొంగు కింద పెట్టుకుని కూర్చుంది. దొరసాని ఊపిరి పిల్లనగోవి ఊదినట్టు కూస్తోంది. ఆ కూత బిక్షమ్మకు తెలుసు. వానాకాలంలో ఎన్నో రాత్రులు ఆ కూత పక్కనే పడుకుంది. పొద్దుటి నుంచి కడుపులో గెంతుతున్న సంబరం ఆ గుమ్మంలోనే ఆగిపోయింది.

"గోనె పట్టా ఉన్నదా దొర్సాని?" అంది. జవాబు కోసం ఆగలేదు. కొట్టంలోంచి రెండు గోనెలు లాక్కొచ్చి, గాబులో ముంచి, కిటికీకొకటి, తలుపుకొకటి బయటి నుంచే కట్టింది. కింద చివరలు నేలకు తాకేలా రాళ్లు పెట్టింది. కాసేపటికి లోపల గాలి కొంచెం తేలికపడింది.

"ఇవన్ని నీకెట్ల ఎరుకనే?" ఆండాళమ్మ అడిగింది.

బిక్షమ్మ గోనె మీద ఇంకో చెంబు నీళ్లు చల్లింది.

"మీకు ఎప్పటికి గిట్లనేనా?"

"బట్టి ముట్టిచ్చినప్పుడల్ల దొర్సాని."

అవతల వసారాలో పటేలు పెద్దగా దగ్గాడు.

"ఇన్నవా? పొద్దుగాల నుంచి వంతు వంతు అనుకుంట దగ్గుతనే ఉన్నడు," అంది ఆండాళమ్మ. అంత ఆయాసంలోనూ ఆమెకు నవ్వు వచ్చింది. బిక్షమ్మకూ వచ్చింది. ఒకరు గోనెకు ఇటు, ఒకరు అటు. "పో బిడ్డా. పొద్దున పంచాయతి పెట్టిస్త. పెట్టియ్యకుంటె నేను అన్నం పెట్ట."

దొరసాని మాట నిలబెట్టుకుంది. మర్నాడు పొద్దున్నే చావడి నిండింది. గుమ్మం బయట ఏసోబు, జానయ్య, బట్టి కూలీలు, ఇంకా ఎందరో. పటేలు గొంతు బొంగురుపోయింది.

"ఇగ చాలు. బట్టి ఊరికాడికెల్లి లేపాలె. ఊరికి వద్దు, వాడకు వద్దు."

బిక్షమ్మకు చాప మీద నుంచి ఎగిరి గెంతాలనిపించింది. రూతు వస్తుంది! బస్సు దిగుతుంది, ఈ దారి వెంట ఉరుకుతుంది. ఆమె అప్పుడే ఆ పిల్లకు తల దువ్వుతోంది మనసులో.

"జాగా చూసే పెట్టిన మామా," అన్నాడు అమరేందర్. ముఖంలో వంతు రాసిననాటి కోపం లేదు. "చెరువు కట్ట దాటినంక హద్దురాయి కాడ. బండిబాట సుత ఉన్నది. బొగ్గు బండ్లకు తిప్పలుండదు."

"మంచిదే. చేతులెత్తుండ్రి."

చేతులు టపటపా లేచాయి. కాటమయ్యది, ఎల్లయ్యది, అందరివీ. బిక్షమ్మ చెయ్యి కూడా లేచింది. సగం లేచి ఆగింది.

హద్దురాయికి అవతల లంబాడీ తండా. కట్టెలమోపులు తెచ్చి వాడలో అమ్మే ఆడవాళ్లు అక్కడివాళ్లే. వాళ్లలో ఒకామె చంకలో పిల్లను కట్టుకుని వస్తుంది. మోపు దించేటప్పుడు ఆ పిల్లను బిక్షమ్మ చేతికే ఇస్తుంది.

చెయ్యి ఎత్తాలని ఎంతగా ఉందో! పైకి కొంచెం పోతే చాలు. ఎవరూ ఏమీ అనరు. బిడ్డ ఇంటికొస్తుంది.

"ఆడ గాలి కింద ఎవరుంటరు పటేలా?" అంది.

"తండా," అన్నాడు అమరేందర్. "వాండ్లది మన పంచాయతి కాదు. వాండ్లకు ఈడ వోటు లేదు."

"వోటు లేకుంటె ఊపిరి లేదా? పొగ హద్దురాయి కాడ ఆగుతదా?"

ఎల్లయ్యకు కోపం వచ్చింది. "నీ బిడ్డను తెచ్చుకోవా బిక్షమ్మా? అడిగింది నువ్వు. ఇచ్చిండ్రు. ఇగ ఎత్తు చెయ్యి!"

"తెచ్చుకోవాలె అన్నా." ఆమె కళ్లు తుడుచుకుంది. "ఇగో, గీ చెయ్యి ఎత్తితె వచ్చేస్తది. కానీ ఆ తల్లి తన బిడ్డను యాడికి పంపాలె? ఆమెకు మక్తల్‌ల అమ్మ ఉన్నదో లేదో!"

చెయ్యి దించి ఒళ్లో పెట్టుకుంది. సెక్రటరీ పటేలు వైపు చూశాడు. పటేలు కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఒక్కామె తప్ప అందరు ఎత్తిండ్రు. నెగ్గింది. రాయి."

కలం కరకరలాడింది. బిక్షమ్మ తలవంచుకుంది. ఓడిపోయింది. బిడ్డ మాత్రం ఇంటికి వస్తుంది. ఓడిపోతే బిడ్డ రావడం, గెలిస్తే రాకపోవడం, ఇదేం పంచాయతీ అనుకుంది.

"ఏసోబూ!" గుమ్మం వైపు కేకేశాడు అమరేందర్. "రేపటి సంది ఆడ మన్ను తవ్వుడు మొదలుపెట్టాలె."

"నేను రాను చిన్న పటేలా."

అందరూ తిరిగి చూశారు. బిక్షమ్మ అందరికన్నా ముందు చూసింది. ఏసోబు గుమ్మం చెక్క పట్టుకుని నిలబడ్డాడు. ఇంత జనంలో అతను నోరు తెరవడం ఎవరూ చూడలేదు. అతనూ చూడలేదు.

"ఏమన్నవురా?"

"ఆడ నేను ముట్టియ్య. ఇన్నేండ్లు గాలి మళ్లెదాక కూసోని కూసోని నా బిడ్డ మీదికే ముట్టిచ్చిన. ఇంకొకని బిడ్డ మీదికి ముట్టియ్య." అతను గుమ్మం చెక్క వదల్లేదు. "తిడితె తిట్టుండ్రి."

"నువ్వు కాకుంటె ఇంకొకడు! జానయ్యా, నువ్వు ముట్టిస్తవురా?"

పటేలు జీతగాడు జానయ్య అటూ ఇటూ చూశాడు. "నాకు మడి కాడ పనున్నది పటేలా," అని జనంలోకి జారుకున్నాడు. అమరేందర్ మిగతా కూలీలను ఒక్కొక్కరినే చూశాడు. ఒకడికి కాలు నొప్పి గుర్తొచ్చింది. ఒకడికి అత్తగారి ఊరు గుర్తొచ్చింది. కాటమయ్య నవ్వు ఆపుకోలేక మూతికి చెయ్యి అడ్డంపెట్టుకున్నాడు.

పటేలు కర్రతో నేల మీద తట్టాడు. చావడి సద్దుమణిగింది.

"బిక్షమ్మా, యాడ పెట్టాలె మరి? చెప్పు."

"యాడన్న పెట్టుండ్రి పటేలా. ఏ గాలికైన సరే, దాని కింద మనుషులుండొద్దు. మన పంచాయతోల్లైన, కాకున్న. గంతే రాయుండ్రి."

"రాయి తవ్వే గుట్ట ఎనుక ఎవలున్నరు?"

"ఎవలు లేరు. బండలే," అన్నాడు గుమ్మంలోంచి ఏసోబు.

"ఆడికి బొగ్గు ఎట్ల తేవాలె మామా? బండి పోదు, మోసుకపోవాలె!" అమరేందర్ లేచి నిలబడ్డాడు.

"ఇన్నొద్దులు రాయి ఈడిదాక మోపిచ్చినవు గద, ఇగ బొగ్గు ఆడిదాక మోపియ్యి. కైకిలి జర ఎక్కువియ్యి." పటేలు దగ్గాడు. సెక్రటరీ వైపు తిరిగాడు. "రాసింది కొట్టెయ్. నెగ్గిన తీర్మానం కొట్టేసుడు నా సర్పంచ్‌గిరిల ఇదే మొదలు. కొట్టెయ్! ఆమె చెప్పింది రాయి. గుట్ట ఎనుక కొత్త బట్టి కట్టెదాక పాతది ముట్టియ్యొద్దని సుత రాయి. ఊఁ, చేతులు."

ఈసారి ముందు లేచింది బిక్షమ్మ చెయ్యి. తర్వాత ఎల్లయ్యది. తర్వాత అందరివీ. గుమ్మం బయట నిలబడ్డవాళ్లు కూడా, వాళ్ల చేతులకు లెక్క లేదని తెలిసినా, ఎత్తారు.

చావడి నుంచి వస్తుంటే ఏసోబు ముందు, బిక్షమ్మ వెనక. కొత్త బట్టి కట్టడమంటే మట్టిపని, రాతిపని, వాడకు చేతినిండా కూలి. ఎవరి పొయ్యీ ఆరదు. ఈ లెక్కంతా ఆమె మనసులో గబగబా తిరిగింది. తిరిగి తిరిగి మొగుడి వీపు దగ్గర ఆగింది.

"ఓ అయ్యా, నిజంగనే ముట్టియ్యకపోదువా?"

"నాకేం ఎరుకనే!" ఏసోబు ఆగి వెనక్కి తిరిగాడు. ముఖమంతా చెమట. "నోట్లకెల్లి వచ్చేసింది. కాళ్లు ఇంకా వణుకుతున్నయ్, చూడు."

చూసింది. నిజంగానే వణుకుతున్నాయి. బిక్షమ్మ పకపకా నవ్వింది. ఏసోబు కూడా నవ్వాడు. దారి మధ్యలో నిలబడి, ఎవరైనా చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా, ఇద్దరూ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. వాడవైపు తిరిగే మలుపు వచ్చింది. బిక్షమ్మ తిరగలేదు. కోస్గి రోడ్డువైపు నడుస్తోంది.

"ఇల్లు ఇటు గదనే?"

"మక్తల్‌కు పోయే బస్సు అటు గద."

"ఇప్పుడా? బస్సు ఎన్నింటికో ఎరుకనా?"

"ఎన్నింటికైతేంది," అంది బిక్షమ్మ, కొంగు నడుముకు దోపుకుంటూ. "నడువు!"